ఉక్కును మోసిన ఊక మట్టి
(పదార్థాల చరిత్ర: ధారావాహిక)

శబరి నది గోదావరిలో కలిసేది కూనవరం దగ్గర. అక్కణ్ణుంచి నది వెంట ఎగువకు పోతే కోంటా వస్తుంది. అక్కడికి ఆంధ్ర సరిహద్దు దాటి ఛత్తీస్‌గఢ్‌లో అడుగుపెట్టినట్టే. ఆ కోంటా బ్లాకులోనే, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా, అడవి నడుమ ఉంది గొల్లపల్లి. ఒకప్పుడు బస్తర్ సంస్థానం, తర్వాత బస్తర్ జిల్లా, ఆ తర్వాత దంతెవాడ, 2012 నుంచి సుక్మా. కాగితాల మీద జిల్లా పేరు ఇన్నిసార్లు మారినా ఇక్కడి దోర్లల, కోయల మాటలో తెలుగు పలుకు పోలేదు.

ఈ వారం కథ ఆధునిక సిరామిక్కులది, కాంపోజిట్లది. క్షిపణి ముక్కు, అణు ఇంధనం, తూటాను ఆపే పలక, పోలియో పిల్లల కాలికి కట్టే పట్టీ. వీటన్నిటి కథ హైదరాబాద్ ప్రయోగశాలల్లో మొదలైందనుకుంటాం. నిజానికి దాని మొదటి అధ్యాయాలు గోదావరికి ఇటూ అటూ ఉన్న పల్లెల్లో, మట్టిలో, ఊకలో, లక్కలో ఉన్నాయి.

ఈ అడవి పల్లెల గోడనే తీసుకోండి. గుంజలు పాతి, వెదురు తడిక అల్లి, రెండు వైపులా మట్టి మెత్తుతారు. ఉత్తి మట్టి మెత్తితే ఎండకు ఆరి, కుంచించుకుని, బీటలు వారుతుంది. అందుకే గడ్డి తరుగో, ఊకో, పేడో కలిపి కాళ్లతో బాగా తొక్కుతారు. మట్టి బరువును మోస్తుంది కానీ లాగితే నిలవదు. గడ్డిపోచకు లాగుడు ఓర్చుకునే గుణం ఉంది కానీ నిలబెడితే నిలవదు. రెండూ కలిశాక, దేనికీ విడిగా లేని ఓపిక ఆ గోడకు వస్తుంది. కాంపోజిట్ అంటే ఇంతకు మించి ఏమీ లేదు. పట్టి ఉంచేది ఒకటి, లోపల పోగై బలమిచ్చేది ఇంకొకటి. యుద్ధ విమానం రెక్కలో మట్టి స్థానంలో ఎపాక్సీ రెజిన్, గడ్డి స్థానంలో కార్బన్ పోగు ఉంటాయి.

సిరామిక్ ముడిసరుకుకూ బస్తర్‌లో కొదవ లేదు. గొల్లపల్లికి వాయవ్యంగా, ఇంద్రావతి తీరాన ఉన్న భోపాల్‌పట్నం ప్రాంతంలో కురువిందం దొరుకుతుంది. ఖమ్మం జిల్లా రాళ్లలోనూ అది ఉంది. రసాయనికంగా కురువిందం అంటే అల్యూమినియం ఆక్సైడ్, ఇంజనీర్ల భాషలో అల్యూమినా. రవ్వంత క్రోమియం చేరితే కెంపు, ఇనుము, టైటానియం చేరితే నీలం. రంగు లేకపోతే ధర లేదు, గట్టిదనం మాత్రం అంతే. ఖనిజాల కాఠిన్యాన్ని కొలిచే మోస్ కొలమానంలో వజ్రానిది 10, కురువిందానిది 9. కరగాలంటే 2,000 డిగ్రీల సెల్సియస్ దాటాలి. ఆమ్లాలకు లొంగదు, కరెంటును పోనివ్వదు.

పాతకాలపు సానవాళ్లకు ఈ రాయి బతుకుతెరువు. కురువిందాన్ని దంచి, జల్లించి, కరిగించిన లక్కలో కలిపి చక్రాలుగా చేసేవాళ్లు. కత్తులకు సాన పట్టినా, రత్నాలకు పట్టెలు తీర్చినా ఆ చక్రమే. లక్క అడవిలోని మోదుగ చెట్ల మీద పురుగు పెట్టే రెజిన్. సిరామిక్ రేణువులను రెజిన్‌లో బంధించి చేసిన ఆ సాన చక్రానికి పాఠ్యపుస్తకంలో పేరు పెట్టాలంటే రేణు కాంపోజిట్ అనాల్సిందే. ఇవాళ కార్ఖానాలో తిరిగే గ్రైండింగ్ చక్రం కూడా అదే జాతి. లక్క పోయి ఫినాలిక్ రెజిన్ వచ్చింది.

అల్యూమినా ఇప్పుడు మన చుట్టూ ఎంత ఉందో గమనించం. మోటారు సైకిల్ స్పార్క్ ప్లగ్‌లో తెల్లగా కనిపించే భాగం అదే. నిన్నమొన్నటి దాకా వీధుల్లో పసుపు వెలుగు చిమ్మిన సోడియం దీపాల లోపలి గొట్టమూ అదే. వేడి సోడియం ఆవిరి మామూలు గాజును తినేస్తుంది. అల్యూమినాను రంధ్రాల్లేకుండా కాల్చి కాంతి దాటేలా చేయడం అమెరికాలో సాధ్యమైన తర్వాతే ఆ దీపాలు వీధికెక్కాయి.

ఇంత గట్టి పదార్థానికి ఒకటే రోగం, పెళుసుదనం. సుత్తితో కొడితే ఇనుము సొట్ట పడుతుంది, ఎందుకంటే దాని పరమాణువుల పొరలు ఒకదాని మీద ఒకటి జారగలవు. సిరామిక్‌లో పరమాణువుల బంధాలు బిగుసుకుపోయి ఉంటాయి, జారుడుకు చోటు లేదు. దెబ్బకు వంగలేదు కాబట్టి విరుగుతుంది. ఆ విరుగుడు ఎక్కడ మొదలవుతుందో 1921లో ఇంగ్లండ్ ఇంజనీర్ అలన్ ఆర్నల్డ్ గ్రిఫిత్ లెక్క కట్టి చూపాడు. బట్టల కొట్టులో గుడ్డ చించే ముందు కత్తెరతో చిన్న గాటు పెడతారు, ఆ తర్వాత చేత్తో లాగితే చాలు. గాజు, సిరామిక్కుల ఒంటి మీద కంటికి కనిపించని అలాంటి గాట్లు ముందే ఉంటాయని, ఒత్తిడంతా వాటి కొన దగ్గరే పోగవుతుందని గ్రిఫిత్ చెప్పాడు. గాజును సన్నని పోగులుగా తీస్తే బలం ఎన్నో రెట్లు పెరగడం కూడా ఆయన ప్రయోగాల్లో కనిపించింది. పోగు ఎంత సన్నబడితే పెద్ద గాటుకు అంత చోటు తగ్గుతుంది.

గ్రిఫిత్ చెప్పిన పగులుతో కనీసం రెండు మూడు శతాబ్దాల ముందే పోరాడి గెలిచిన ఊరొకటి నిజామాబాద్ జిల్లాలో ఉంది. దాని పేరు కోనసముద్రం.

గోల్కొండ రాజ్యపు ఉక్కు సంగతి 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే తన యాత్రా గ్రంథంలో రాశాడు. పర్షియాలో నీటి అలల్లాంటి చారలున్న కత్తులు చేయడానికి ఆ ఉక్కే కావాలని అక్కడివాళ్లు అనేవారట. కోనసముద్రం ఆ ఉక్కుకు పేరు మోసిన కేంద్రాల్లో ఒకటి. 1820ల మొదట్లో, లాంబ్టన్ త్రికోణమితి సర్వే బృందంలో వైద్యుడిగా, భూగర్భ శాస్త్రవేత్తగా పనిచేసిన హెన్రీ వాయిసీ అక్కడికి వెళ్లి కమ్మరుల పనిని కళ్లారా చూశాడు. 1824లో ఆయన చనిపోయాడు. ఆయన వివరణ 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక వర్తకుడు ఆ కొలిమి దగ్గరే మకాం పెట్టి, పని తన కళ్లెదుట చేయించుకుంటున్నాడని అందులో ఉంది. అంత దూరం నుంచి వచ్చి తెలంగాణ పల్లెలో కాపు కాశాడంటే సరుకు విలువ ఏపాటిదో ఊహించుకోవచ్చు.

పని ఇలా సాగేది. రెండు రకాల ఇనుమును, ఒకదానిలో కార్బన్ తక్కువ, మరోదానిలో ఎక్కువ, తగిన పాళ్లలో మట్టి మూసలో వేసి మూత బిగించి మెత్తేవాళ్లు. మూసలను కొలిమిలో పేర్చి, బొగ్గు పోసి, మనుషులు వంతులవారీగా తిత్తులు ఊదుతుంటే ఒక పగలూ రాత్రీ మంట ఆరనిచ్చేవారు కాదు. లోపల రెండు ఇనుములూ కరిగి ఒకటై, వందకు ఒకటి నుంచి రెండు పాళ్ల కార్బన్ ఉన్న ఉక్కు ముద్ద తయారయ్యేది. తర్వాత నెమ్మదిగా చల్లార్చి, ముద్దకు మట్టి పూసి మళ్లీ మళ్లీ కాచి, పెళుసుదనం తగ్గించేవారు.

యూరప్ పండితుల కళ్లన్నీ ఆ ముద్ద మీదే పడ్డాయి. 1795లో లండన్ రాయల్ సొసైటీ ముందు జార్జ్ పియర్సన్ దాని మీద వ్యాసం చదివాడు. కమ్మరి కొడుకైన మైఖేల్ ఫారడే 1819లో దాన్ని విశ్లేషించాడు. ఉక్కు రహస్యం అల్యూమినియంలో ఉందని అప్పట్లో అనుకున్నాడు, తప్పింది. ఆ తర్వాత నూరేళ్లు దాటినా వెతుకులాట ఉక్కు చుట్టూనే తిరిగింది. దాన్ని కడుపులో పెట్టుకుని 1,400 డిగ్రీల దాకా ఓర్చుకున్న మట్టి కుండను పట్టించుకున్నవాళ్లు బహు తక్కువ. పని అయ్యాక మూసను పగలగొట్టి ఉక్కు తీసుకుని, పెంకులు ఊరవతల పారేసేవారు. చరిత్రకారులు కూడా అంతే చేశారు.

ఆ పెంకుల్లో ఏముంది? వాయిసీ రాసిన ప్రకారం, శిథిలమై పొడైన గ్రానైట్ రాతి నుంచి వచ్చిన కొలిమి మట్టి, పగిలిన పాత మూసల, కొలిముల పొడి, వరి ఊక, కొంచెం నూనె. ఒక్కోదానికి ఒక్కో పని. ఆ మట్టి వేడికి తొందరగా కరగదు. పాత మూసల పొడి ఒకసారి కాలినదే కాబట్టి రెండోసారి కుంచించుకోదు, కొత్త మూసలో బీటలు పడవు. ఇక ఊక. అదే ఇందులో అసలు తెలివి. వరి ఊక కాలితే మిగిలే బూడిదలో వందకు సుమారు తొంభై పాళ్లు సిలికా. గాలి అందని చోట కాలితే ఆ సిలికా అస్థిపంజరంతో పాటు బొగ్గూ మిగులుతుంది. కోనసముద్రం మూస పెంకులు నల్లగా ఉండేది ఆ బొగ్గు వల్లనే. మూస గోడంతా బొగ్గు నిండి ఉండటం వల్ల గాలి లోపలికి చేరి ఉక్కులోని కార్బన్‌ను కాల్చేసే ప్రమాదం తగ్గింది. ఊక విడిచిన సన్నని ఖాళీలు, సాగుతూ వచ్చే పగులు కొనను మొద్దుబార్చి ఆపాయి.

ఈ పెంకులను సూక్ష్మదర్శిని కింద పెట్టే పని 1980లలో అమెరికా పరిశోధకురాలు థెల్మా లో (Lowe) మొదలుపెట్టింది. ఆ తర్వాత 1990 ప్రాంతంలో మెర్క్, గారెత్ థామస్‌లతో కలిసి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూసిన ఫలితాలు ప్రకటించింది. మట్టిలోని అల్యూమినా, సిలికా ఆ వేడికి కలిసి ములైట్ అనే స్ఫటికాలుగా మారాయి. సన్నగా, పొడవుగా, పోగుల్లా పెరిగి ఒకదానిలో ఒకటి అల్లుకున్నాయి. అందుకే వాళ్లు ఈ మూసను ములైట్ పోగులతో బలపడిన చారిత్రక సిరామిక్ కాంపోజిట్ అని వ్యాసం శీర్షికలోనే పేర్కొన్నారు. ములైట్‌కు ఆ పేరు స్కాట్లండ్‌లోని మల్ ద్వీపం నుంచి వచ్చింది. ఇవాళ ఉక్కు కర్మాగారాల కొలిమి ఇటుకల్లో అది ముఖ్య పదార్థం.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. 2006లో జర్మనీ శాస్త్రవేత్త పీటర్ పాఫ్లర్ బృందం నీటి అలల చారలుండే 17వ శతాబ్దపు డమాస్కస్ కత్తిలో కార్బన్ నానోగొట్టాలు కనబడ్డాయని నేచర్ పత్రికలో రాయగానే, మన పూర్వులకు నానో టెక్నాలజీ తెలుసని పత్రికల్లో ఊదరగొట్టారు. కోనసముద్రం కమ్మరికి ములైట్ తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఏ మట్టిలో ఎంత ఊక కలిపితే మూస మధ్యరాత్రి పగలకుండా తెల్లవారేదాకా నిలుస్తుందో తెలుసు. తరాల తరబడి పగిలిన మూసల లెక్క అది. దాన్ని వేరే పేరుతో పొగడటం ఆ పనితనాన్ని తక్కువ చేయడమే. ఇదే ఊక తెలివి బస్తర్‌లో కొండగావ్ గడ్వా శిల్పుల దగ్గర ఇప్పటికీ బతికి ఉంది. పోత పోసే డోక్రా ఇత్తడి బొమ్మ లోపలి మట్టి అచ్చులో వాళ్లు ఊక కలుపుతారు.

వెదురుకూ ఈ కథలో వేషం ఉంది. 1880లో థామస్ ఎడిసన్ విద్యుద్దీపానికి తంతువు కోసం జపాన్ వెదురును సన్నగా చీల్చి, గాలి లేకుండా కాల్చి, కార్బన్ పోగుగా మార్చాడు. ఆ పోగుకు వెలగడం వచ్చు, బరువు మోయడం రాదు. మోయగల కార్బన్ పోగు తీయడానికి ఇంకో ఎనభై ఏళ్లు పట్టింది. 1958లో అమెరికాలో రోజర్ బేకన్ దాని అసలు బలం చూపాడు. 1960ల మొదట్లో జపాన్‌లో అకియో షిండో, ఇంగ్లండ్‌లో విలియం వాట్ బృందం యాక్రిలిక్ పోగును కాల్చి పరిశ్రమకు పనికొచ్చే దారి వేశారు. ఉక్కులో నాలుగో వంతు బరువుకే దానికి మించిన బలం. ఇంకేముంది, బ్రిటన్‌కు చెందిన రోల్స్ రాయిస్ తన ఆర్‌బీ 211 విమాన ఇంజన్ ముందు రెక్కలన్నీ దీనితోనే చేసింది. పక్షి తగిలితే ఏమవుతుందో చూద్దామని కోడి కళేబరాన్ని ఫిరంగిలోంచి పేలిస్తే రెక్కలు ముక్కలైపోయాయి. ఖర్చు తడిసి మోపెడై, 1971 ఫిబ్రవరిలో కంపెనీ దివాలా తీసింది. పోగు పొడవునా లాగితే పులి, అడ్డంగా దెబ్బ తగిలితే పిల్లి. కాంపోజిట్‌తో పనిచేసేవాడు పోగు ఏ దిక్కున పరచాలో ముందు తేల్చుకోవాల్సిందే.

ఇప్పుడు హైదరాబాద్‌కు వద్దాం. మౌలాలి దగ్గర న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ 1971లో ఏర్పడింది. దేశంలోని చాలా అణు విద్యుత్ కేంద్రాలకు ఇంధనం అక్కణ్ణుంచే పోతుంది. ఆ ఇంధనం లోహం కాదు, సిరామిక్. యురేనియం లోహం 1,132 డిగ్రీలకే కరిగిపోతుంది, రియాక్టర్‌లో ఉబ్బిపోతుంది కూడా. అదే యురేనియం డయాక్సైడ్ అయితే 2,800 డిగ్రీలు దాటితేగాని కరగదు. నల్లటి పొడిని మాత్రల్లా అదిమి, హైడ్రోజన్ నిండిన కొలిమిలో 1,700 డిగ్రీల దగ్గర కాలుస్తారు. పొడి రేణువులు కరగకుండానే ఒకదానికొకటి అతుక్కుని, మధ్య ఖాళీలు మూసుకుపోయి, బొటనవేలి కొనంత గట్టి బిళ్ల తయారవుతుంది. కుమ్మరి ఆవంలో కుండ గట్టిపడటమూ ఇలాంటి పద్ధతే. కడప జిల్లా తుమ్మలపల్లి గనిలో తీసే యురేనియం కూడా ఈ బిళ్లల్లోకే చేరుతుంది. రియాక్టర్‌లో బిళ్ల నడిమి భాగం మండిపోతుంటే అంచు చల్లగా ఉంటుంది, ఆ తేడాకు బిళ్ల పగులుతుంది. పగలనివ్వండి అనుకునే డిజైన్ చేశారు. బిళ్లల చుట్టూ జిర్కోనియం మిశ్రలోహపు గొట్టం ఉంటుంది, ముక్కలు ఎటూ పోవు.

నగరానికి మరోవైపు కంచన్‌బాగ్. అక్కడి రక్షణ లోహ పరిశోధనాలయం అర్జున్ ట్యాంకు కోసం ఉక్కు పలకల మధ్య సిరామిక్‌ను ఇమిడ్చి కవచం చేసింది. దానికి ఆ పేటే పేరు ఇచ్చింది, కంచన్ కవచం. ఆ పక్కనే ఉన్న క్షిపణుల ప్రయోగశాల డీఆర్‌డీఎల్‌కు 1982లో అబ్దుల్ కలాం డైరెక్టరుగా వచ్చారు. క్షిపణి వాతావరణం దాటి మళ్లీ కిందికి దూసుకొచ్చేటప్పుడు ముక్కు మీద వేడి వేల డిగ్రీల్లో ఉంటుంది, లోపలి పరికరాలకు ఆ సెగ తగలకూడదు. దానికి తగిన పదార్థం కార్బన్-కార్బన్. కార్బన్ పోగులను అల్లి, మధ్య సందులను కూడా కార్బన్‌తోనే నింపి, మళ్లీ మళ్లీ కాల్చి గట్టిచేస్తారు. మామూలు గ్రాఫైట్‌లా పెళుసు కాదు, లోహంలా మెత్తబడదు. 1987లో క్షిపణి సాంకేతికత మీద సంపన్న దేశాలు ఆంక్షలు పెట్టాయి కాబట్టి ఇలాంటివి బయట కొనే వీలు లేకపోయింది. 1989 మే 22న చాందీపూర్ నుంచి లేచిన అగ్ని క్షిపణి, సొంత ఉష్ణ కవచంతోనే తిరిగి వచ్చింది. తర్వాత హైదరాబాద్‌లోని అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ లేబొరేటరీ క్షిపణి మోటారు గుల్లలనూ కాంపోజిట్‌తో చుట్టడం మొదలుపెట్టింది.

కార్బన్-కార్బన్‌కూ ఓ లోటుంది. అది 2003 ఫిబ్రవరి 1న లోకానికంతా తెలిసింది. కల్పనా చావ్లా ఉన్న కొలంబియా వ్యోమనౌక ఎడమ రెక్క అంచు పలకలు ఆ పదార్థంతో చేసినవే. ఎగిరిన నిమిషంన్నర లోపే ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క తగిలి ఒక పలకకు చిల్లి పడింది. పదహారు రోజుల తర్వాత తిరుగు ప్రయాణంలో ఆ చిల్లిలోంచి వేడి వాయువు దూరి రెక్కను కరిగించింది. అంతటి వేడికి తట్టుకున్న పదార్థం నురుగు దెబ్బకు విరుగుతుందని చాలామంది ఇంజనీర్లు నమ్మలేదు. ఆ వేసవిలో పరీక్ష కోసం అలాంటి పలక మీదికి నురుగు ముక్కను పేలిస్తే అడుగుకు పైగా వెడల్పున కంత పడింది.

అగ్ని కాంపోజిట్ల వల్ల మేలు జరిగిన చోటు కూడా హైదరాబాదే. నిమ్స్ ఆసుపత్రి ఎముకల వైద్యుడొకరు ప్రయోగశాలకు వచ్చి, ఆ పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి ఆశ్చర్యపోయారు. కలాంను వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ పోలియో సోకిన పిల్లలు ఒక్కోటి మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు పట్టీలు కట్టుకుని కాళ్లీడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో మూడు వందల గ్రాముల పట్టీలు తయారయ్యాయి. తన జీవితంలో గొప్ప ఆనందం కలిగించిన పనుల్లో ఇదొకటని కలాం చాలా సభల్లో చెప్పుకున్నారు. క్షిపణికి వాడిన కోట్ల రూపాయల పరిశోధనలో, ఈ వ్యాసకర్త లెక్కలో, తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలం ఇచ్చింది ఈ పట్టీయే.

సిరామిక్ పెళుసుదనానికి మందు వేరే దారిలో ఆస్ట్రేలియాలో దొరికింది. 1975లో గార్వీ, హానింక్, పాస్కో అనే ముగ్గురు నేచర్‌లో రాసిన చిన్న వ్యాసానికి ‘సిరామిక్ ఉక్కు?’ అని ప్రశ్నార్థకంతో పేరు పెట్టారు. జిర్కోనియాలో పగులు సాగుతుంటే, ఆ కొన దగ్గరి స్ఫటికాలు రూపం మార్చుకుని వందకు నాలుగైదు పాళ్లు ఉబ్బుతాయి. ఆ ఉబ్బు పగులును రెండు వైపులా నొక్కి మూసేస్తుంది. ఇవాళ విజయవాడలోనో, గుంటూరులోనో దంతవైద్యుడు బిగించే తెల్లని జిర్కోనియా తొడుగు ఈ సూత్రం మీదే పనిచేస్తుంది. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ సంస్థ ఆధునిక సిరామిక్కులు, పొడి లోహశాస్త్రం మీద పరిశోధనలు చేస్తోంది.

మళ్లీ బస్తర్. గొల్లపల్లి చుట్టుపక్కల దారుల్లో నడిచిన భద్రతా దళాల జాకెట్లలోని గట్టి పలకలూ సిరామిక్ కుటుంబానివే. 1965లో వియత్నాం యుద్ధంలో అమెరికా హెలికాప్టర్ల సీట్లకు బోరాన్ కార్బైడ్ పలకలు బిగించడంతో ఈ దారి మొదలైంది. బోరాన్ కార్బైడ్ కాఠిన్యంలో వజ్రం తర్వాత వరసలో ముందుండేది, బరువులో ఉక్కులో మూడో వంతు. తూటా తాకగానే పలక ముందు దాని ముక్కును నుజ్జు చేస్తుంది. అదే క్షణంలో పలక తాను శంకువు ఆకారంలో పగులుతూ దెబ్బను వెడల్పుగా వెనక్కు పంచుతుంది. వెనకున్న పాలిథిలీన్ లేదా అరామిడ్ పోగుల పొరలు వలలా సాగి ముక్కలను పట్టుకుంటాయి. ఇక్కడ పగలడమే పలక ఉద్యోగం. భాభా అణు పరిశోధన కేంద్రం ఇలాంటి జాకెట్‌ను రూపొందించింది, హైదరాబాద్‌లోని మిధాని ‘భాభా కవచ్’ పేరుతో తయారు చేస్తోంది. ప్రతి కిలో తగ్గింపూ అడవి ఎండలో నడిచే జవానుకు లెక్కే.

లోటు దీనికీ ఉంది. ఒకే చోట రెండో తూటా తగిలితే అప్పటికే పగిలిన పలక ఆపుతుందన్న భరోసా తగ్గుతుంది. కింద పడితే పైకి కనిపించని బీట రావచ్చు, ఎక్స్-రే తీసి చూడాలి. మరీ వేగంగా వచ్చే తూటా ఒత్తిడికి బోరాన్ కార్బైడ్ సన్నని పట్టీల వెంట స్ఫటిక రూపం కోల్పోయి బలహీనపడుతుందని 2003లో సైన్స్ పత్రికలో తేలింది. ఇంకో లోటు పదార్థానిది కాదు. మావోయిస్టులకు వ్యతిరేకంగా సాగిన సల్వాజుడుం సాయుధ దండు రోజుల్లో ఇళ్లు కాలిపోయి సరిహద్దు దాటి ఖమ్మం అడవుల్లో తలదాచుకున్న వేలాది ఆదివాసీలకు ఏ కవచమూ లేదు.

కోనసముద్రంలోనూ, ఉత్తర తెలంగాణలోని మరెన్నో ఊళ్లలోనూ ఆనాటి మూస పెంకులు, ఇనుప చిట్టెం ఇప్పటికీ నేల మీద కనిపిస్తాయి. 2010లో బెంగళూరు నియాస్, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి చేసిన సర్వేలో ఇలాంటి స్థలాలు పెద్ద సంఖ్యలో నమోదయ్యాయి. పొలంలో గానీ చెరువు కట్ట మీద గానీ అరచేయంత నల్లటి పెంకు, లోపలి వైపు గాజులా మెరుస్తూ, కరిగిన ఉక్కు ఎంతవరకు నిలిచిందో చూపే గీతతో కనబడితే దాన్ని పారేయకండి, తీసి దాచుకోకండి కూడా. అక్కడే ఉంచి, ఫొటో తీసి, రాష్ట్ర పురావస్తు శాఖకు గానీ దగ్గరి కాలేజీ చరిత్ర శాఖకు గానీ తెలియజేయండి.

(వచ్చే భాగం: బైలదిల్లా ఇనుము, కొత్తవలస-కిరందుల్ రైలు మార్గం)